కొన్న పుస్తకం మనదేనా? కాపీరైటు చట్టంలో రాబోయే మార్పులు, మామూలు మనుషుల పరిస్థితి

(యువజన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసల్లో ఫోన్లు పట్టుకుని కూర్చున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఫోన్లు లోపల పెట్టేయండి అని నేను అడగను. ఈ పూట మాట్లాడబోయేది ఆ ఫోన్ల గురించే. వాటిలో మీరు దాచుకున్న పాటలు, పీడీఎఫ్‌లు, వీడియోలు ఎవరివి, వాటితో మీరు ఏం చేయొచ్చు, ఏం చేస్తే నేరం, రేపు ఏది నేరం కావచ్చు, ఇదీ విషయం.

నేను వకీలును కాను. హోసూరు వైపు ఒక తెలుగు మీడియం బడిలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరయిన మనిషిని. కాపీరైటు చట్టం చదవాలన్న బుద్ధి నాకు పుట్టింది ఒక జెరాక్స్ కొట్టు దగ్గర.

ఒక ఏడాది మా తరగతిలో పిల్లలు నలభై మందికి పైగా ఉన్నారు. తెలుగు పుస్తకాలు తొమ్మిది వచ్చాయి. మిగిలినవి వస్తాయి, వస్తాయి అంటూనే అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాయి. తమిళనాట తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఒడిశాలో, మహారాష్ట్రలో చదివినవాళ్ళ దగ్గర ఇలాంటివి ఇంకా చాలా ఉంటాయి. నేను ఒక పుస్తకం పట్టుకుని బస్టాండు పక్కనున్న జెరాక్స్ కొట్టుకు వెళ్ళి, "ముప్పై కాపీలు తియ్యి నాయనా" అన్నాను. అతను పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం అయ్యోరూ, ఇది తీస్తే పోలీసులొస్తారంటనే? వస్తే ఎవురు చెప్పుకునేది?" అన్నాడు. నేను నవ్వాను. "పిల్లకాయల పాఠాలకు పోలీసులేంది" అని తీయించుకుని వచ్చాను.

ఆ తరవాత చట్టం చదివాను. నవ్వినందుకు సిగ్గుపడ్డాను. మన 1957 కాపీరైటు చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి కాపీరైటు ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 రూపాయల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం చేయకపోతే కోర్టు తగ్గించవచ్చు, అంతే. 64వ సెక్షన్ ప్రకారం ఎస్సై హోదా ఉన్న పోలీసు అధికారి వారంటు లేకుండానే కాపీలను, వాటిని తీసే సామగ్రిని స్వాధీనం చేసుకోవచ్చు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇంకొంచెం ముందుకెళ్ళి, ఈ నేరం పోలీసులు నేరుగా కేసు పెట్టి అరెస్టు చేయదగినదీ, బెయిలు హక్కుగా దొరకనిదీ అని తేల్చింది. ఆ కొట్టతను ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. అయినా చట్టం గురించి నాకంటే అతనికే సరైన భయం ఉంది.

అయితే ఆ రోజు మేం చేసింది తప్పా? కాదు. ఇది మీరు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. అదే చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఏవేవి చేస్తే ఉల్లంఘన కిందికి రాదో చెప్పే పొడుగాటి జాబితా అది. పాఠం చెప్పే పనిలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకోవడం అందులో ఉంది. సొంత వాడకానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవడం ఉంది. విమర్శ, సమీక్ష, వార్తలు ఉన్నాయి. పుస్తకం మన దేశంలో అమ్మకానికి దొరకనప్పుడు ప్రజా గ్రంథాలయం మూడు కాపీలకు మించకుండా తీసుకోవచ్చు. తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి, లాభం చూసుకోని గ్రంథాలయం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. ఇవన్నీ ఎవరి దయో కాదు. రచయిత హక్కు ఎంత చట్టమో చదివేవాడి హక్కూ అంతే చట్టం.

ఢిల్లీ యూనివర్సిటీ జెరాక్స్ కేసు గురించి కొందరు విని ఉంటారు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ అని ఒక చిన్న కొట్టు. అధ్యాపకులు సిలబస్ ప్రకారం వేర్వేరు పుస్తకాల నుంచి కొన్ని కొన్ని అధ్యాయాలు ఎంచి ఇస్తే, ఆ కొట్టు వాటిని కాపీ తీసి, కుట్టి, పిల్లలకు ఇచ్చేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ కొట్టు మీదా, యూనివర్సిటీ మీదా దావా వేశాయి. ఎంత పెద్ద ఏనుగులు ఎంత చిన్న చీమ మీదికి వచ్చాయో చూడండి. విద్యార్థులు తామూ కక్షిదారులమే అంటూ కేసులో చేరారు. 2016 సెప్టెంబరు 16న హైకోర్టు జడ్జి ఆ దావా కొట్టేశారు. అదే ఏడాది డిసెంబరు 9న ఇద్దరు జడ్జిల బెంచి, చదువు చెప్పడానికి అవసరమైన మేరకు కాపీ తీయవచ్చనీ, ఆ కాపీ మీషను అధ్యాపకుడి చేతిలోనే ఉండాలన్న నియమం లేదనీ స్పష్టం చేసింది. ఆ పుస్తకాల్లోని భాగాలు నిజంగా పాఠాలకు అవసరమైనవా కాదా అన్నది మాత్రం విచారణలో తేల్చమంది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావానే వెనక్కి తీసుకున్నారు. అంటే మా బస్టాండు కొట్టతను భయపడాల్సిన పని లేదన్నమాట. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్ళు లేరు.

ఇక అసలు సంగతికి వస్తాను.

2021 జూలైలో పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘం మేధోసంపత్తి హక్కుల మీద ఒక నివేదిక ఇచ్చింది. అది 161వ నివేదిక. పేటెంట్లూ ట్రేడ్‌మార్కులతో పాటు కాపీరైటు మీదా అందులో సిఫారసులు ఉన్నాయి. ప్రచురణకర్తలకూ విద్యాసంస్థలకూ నడుస్తున్న తగువును ప్రస్తావించి, 52వ సెక్షన్‌ను సవరించమని చెప్పింది. ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్న విద్యాసంస్థల్లో కాపీలు తీసుకోవడానికీ, గ్రంథాలయాల్లో భద్రపరచడానికీ వీలుండాలని దాని సారాంశం. వినడానికి బాగానే ఉంది కదా? పేద పిల్లలకు మంచిదే కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. రెండోసారి చదివినప్పుడు 'ప్రభుత్వ యాజమాన్యం' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మీరు చదివిన బడి ఎవరిది? మీలో చేతులెత్తమంటే సగం మంది మిషను బడి, చర్చి బడి, ఎయిడెడ్ బడి అంటారు. కోలారు గనుల్లో గానీ, బరంపురంలో గానీ, షోలాపూరులో గానీ మనవాళ్ళు తెలుగు అక్షరాలు దిద్దుకున్న బళ్ళలో చాలా భాగం ప్రభుత్వానివి కావు. భాషా మైనారిటీలం, మతంలోనూ మైనారిటీలం. మన బళ్ళను మనమే పెట్టుకున్నాం. ఈ రోజు ఉన్న చట్టం ఉపాధ్యాయుడు, విద్యార్థి అంటుందే తప్ప ఆ బడి యజమాని ఎవరని అడగదు. రేపు ఆ అడుగు పడితే, పక్క వీధి ప్రభుత్వ బడిలో తప్పు కాని పని మన బడిలో జైలు శిక్ష పడే నేరం అవుతుంది. పట్నంలో ఖరీదైన ప్రైవేటు బళ్ళకు లైసెన్సు కొనుక్కునే స్తోమత ఉంది. ముప్పై మంది పిల్లలతో తెలుగు విభాగం నడుపుతున్న బడికి ఆ స్తోమత ఎక్కడిది? ఆ సిఫారసు ఇంకా చట్టం కాలేదు. కాలేదు కాబట్టే ఇప్పుడు మాట్లాడుతున్నాను. అయిపోయాక మాట్లాడటానికి ఏముంటుంది?

ఇప్పుడు డిజిటల్ సరుకు దగ్గరికి వద్దాం. మా నాన్నగారు కొన్న పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. వాటిని నేను ఎవరికైనా ఇవ్వొచ్చు, అమ్మొచ్చు, లైబ్రరీకి రాసివ్వొచ్చు. ఒకసారి అమ్ముడుపోయి చలామణిలోకి వచ్చిన పుస్తకం ప్రతి మీద ప్రచురణకర్తకు ఇక అదుపు లేదని చట్టమే చెబుతుంది. పాత పుస్తకాల బజార్లు నడుస్తున్నాయంటే అందువల్లే. మరి ఫోన్లో కొన్న పుస్తకమో? 'కొనండి' అన్న బటన్ నొక్కుతారు. డబ్బు కడతారు. కానీ అది కొనుగోలు కాదు, చదువుకోవడానికి అనుమతి మాత్రమే. ఆ షరతులన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. నొక్కే ముందు చదివినవాళ్ళు ఇక్కడ ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. నా చెయ్యీ లేవదు లెండి.

ఇది మాటవరసకు చెప్పడం లేదు. 2009 జూలైలో అమెరికాలో అమెజాన్ సంస్థ కిండిల్ వాడుతున్నవాళ్ళ పరికరాల్లోంచి, వాళ్ళు డబ్బు కట్టి కొన్న జార్జి ఆర్వెల్ పుస్తకాలను దూరం నుంచే తుడిచేసింది. అమ్మినవాడికి హక్కులు లేవని తేలిందట. డబ్బు వాపసు ఇచ్చారు, తరవాత క్షమాపణా చెప్పారు. కానీ పక్కనే రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయిన ఒక విద్యార్థి కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. అందులో ఒక పుస్తకం పేరు 1984. పాత రాతలను ప్రభుత్వం తుడిచేసే కథ అది! మళ్ళీ 2019 జూలైలో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. మూసేస్తే కొత్తవి అమ్మడం ఆగుతుంది, అంతే కదా అనుకుంటాం. అప్పటిదాకా జనం కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు చేశారు, అంచుల్లో నోట్సు రాసుకున్నవాళ్ళకు పైన 25 డాలర్లు జమ చేశారు. మన ఊళ్ళో పుస్తకాల షాపు దివాలా తీసిందని షాపతను ఇంటికొచ్చి బీరువాలో పుస్తకాలు పట్టుకుపోతే ఊరుకుంటామా?

దీనికి పైన ఇంకో తాళం ఉంది. 2012లో మన చట్టానికి పెద్ద సవరణ వచ్చింది. అందులో 65ఏ సెక్షన్ కొత్తగా పెట్టారు. డిజిటల్ సరుకుకు వేసిన సాంకేతిక తాళాన్ని, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇక్కడ మన పార్లమెంటును మెచ్చుకోవాలి. అమెరికావాళ్ళు 1998లో చేసుకున్న చట్టంలో తాళం పగలగొట్టడమే తప్పు. న్యాయమైన పనికి పగలగొట్టినా సరే, మూడేళ్ళకోసారి అక్కడి అధికారులు ఇచ్చే మినహాయింపుల కోసం ఎదురుచూడాలి. మనవాళ్ళు అలా చేయలేదు. ఉద్దేశం అన్న మాట చేర్చారు. చట్టం నిషేధించని పని కోసమైతే తీయవచ్చన్నారు. అయితే మీకు తాళం తీయడం రాక, వేరొకరి సాయం తీసుకుంటే, ఆ సాయం చేసినవాడు మీ పేరు, చిరునామా, ఎందుకు తీయించుకుంటున్నారో అన్నీ రాసి ఉంచాలి. మన మధ్య ఇంట్లో కూర్చుని చేసిపెట్టే కుర్రాళ్ళు అలాంటి పద్దు పుస్తకం రాస్తారా? అందువల్ల కాగితం మీద హక్కు ఉంది, వాడుకునే దారి ఇరుకు.

నా పాత విద్యార్థి ఒకతను ఇప్పుడు బెంగుళూరులో ఉంటున్నాడు. చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం. కంప్యూటరు తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఇంగ్లీషు పుస్తకాలు ఎన్నో చదివాడు. "సార్, నేను ఇంగ్లీషులో విద్యావంతుణ్ణి, తెలుగులో నిరక్షరాస్యుణ్ణి" అన్నాడు ఒకసారి ఫోన్లో. తెలుగు పుస్తకాలు నెట్‌లో దొరికేవి చాలా మటుకు పేజీల ఫోటోలు. సాఫ్ట్‌వేర్ వాటిని చదవలేదు. అమ్మే ఈ-పుస్తకాలకు తాళాలు. ఇలాంటివాళ్ళ కోసమే 2012 సవరణలో ఒక మంచి మినహాయింపు పెట్టారు. వికలాంగులకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చి, లాభం లేకుండా పంచుకోవచ్చు, రచయిత అనుమతి అక్కర్లేదు. ఆ తరవాత 2013లో మరాకేష్ నగరంలో ఇదే విషయం మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే, దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే, 2014లో. గర్వపడదగ్గ సంగతి. కానీ ఆ మినహాయింపు కింద తెలుగు పుస్తకాలు టైపు చేసి, సరిచూసి ఇచ్చేవాళ్ళు ఎందరు? చట్టం తలుపు తీసింది. లోపలికి వెళ్ళవలసిన పని మనది. మన యువజన సంఘాలు ఏడాదికి పది పుస్తకాలు ఇలా తయారుచేసినా ఆ అబ్బాయి లాంటివాళ్ళకు అది పెద్ద సంగతి. ఇందుకు ఎవరి లైసెన్సూ అడగనక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టవచ్చు.

పాటల సంగతి చెప్పకుండా వెళ్తే మీరు ఊరుకోరు. కరోనా రోజుల్లో కూడికలన్నీ నెట్‌లోకి వెళ్ళాయి. మా సంఘంలో ఒక పెద్దామె చనిపోతే అంత్యక్రియలకు పదిమందిని కూడా రానివ్వలేదు. పుణెలో ఉన్న కొడుకూ, యానాంలో ఉన్న కూతురూ ఫోన్లలోనే చూస్తున్నారు. మేం పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నాం. పాట మధ్యలో ప్రసారం ఆగిపోయింది. ఫలానా సంగీత కంపెనీ సొత్తు అని తెర మీద ఒక నోటీసు వచ్చింది. ఆ కీర్తన రాసింది పర్లాకిమిడి సీమకు చెందిన పురుషోత్తమ చౌదరి గారు. ఆయన 1890లో కన్నుమూశారు. మన దేశంలో కాపీరైటు రచయిత చనిపోయాక 60 ఏళ్ళు ఉంటుంది. ఎలా లెక్కేసినా ఆ పాట మీద ఎవరికీ హక్కు లేదు. ఎవరో ఆ పాటను సీడీగా రికార్డు చేశారు. ఆ రికార్డింగు మీద హక్కు వాళ్ళది, కాదనం. కానీ ఆ రోజు పాడింది మా గొంతులు. ఒకే రాగం కాబట్టి యంత్రం రెండూ ఒకటే అనుకుంది. ఆ కూతురు తల్లిని మట్టి చేయడం చూడలేకపోయింది. తరవాత మేం అభ్యంతరం పెడితే నోటీసు ఎత్తేశారు, పన్నెండో రోజున. ఎవరికి కావాలి అప్పుడు?

చట్టం ఏమంటుందో చూడండి. నెట్‌లో పెట్టిన సరుకు మీద హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఆ వేదిక 36 గంటల్లో దాన్ని ఆపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేలేకపోతే మళ్ళీ పెట్టవచ్చు. ఇందులో కొంత న్యాయం ఉంది. ఫిర్యాదు చేసినవాడే కోర్టుకెక్కాలి. కానీ పెద్ద వేదికలు నడిపేది ఈ పద్ధతిలో కాదు, తమ సొంత యంత్రాలతో. అక్కడ మనిషి ఫిర్యాదు చేసే పనే లేదు, యంత్రమే ఆపేస్తుంది, నిరూపించుకునే భారం మన నెత్తిన పడుతుంది. చట్టంలో సవరణ రావాలంటే ముందుగా రావలసింది ఇక్కడ. తప్పుడు హక్కు చెప్పుకున్నవాడికి శిక్ష ఉండాలి. యంత్రం ఆపితే మనిషి గంటల్లో చూడాలి. ఈ మాట ఏ ముసాయిదాలోనూ నా కంట పడలేదు.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీలో పెళ్ళి వయసువాళ్ళు ఉన్నారు కాబట్టి. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాట పాడినా, రికార్డు వేసినా ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లోనే ఉంది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకలు కూడా అందులోకే వస్తాయని వివరణ ఇచ్చారు. అయినా పెళ్ళి మండపాల దగ్గర రాయల్టీ వసూళ్ళు జరుగుతున్నాయని ఫిర్యాదులు వస్తే, 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వమే అలా వసూలు చేయకూడదని నోటీసు ఇచ్చింది. ఎవరైనా మీ పెళ్ళిలో రసీదు పుస్తకం పట్టుకుని వస్తే ఈ మాట చెప్పండి. అయితే కూడికలో పాడటం వేరు, దాన్ని వీడియో చేసి నెట్‌లో శాశ్వతంగా ఉంచడం వేరు. ఈ రెండోది కూడా ఆ మినహాయింపులోకి వస్తుందని చట్టంలో తేటగా రాసి లేదు. అలా రాయించుకోవాలి.

ఇంతసేపు వాడుకదారుల తరఫున మాట్లాడాను. ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట ఒకటి అంటాను. మన వాట్సాప్ గ్రూపుల్లో, టెలిగ్రామ్‌లో తిరిగే తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చూస్తున్నారా? అందులో పురుషోత్తమ చౌదరి గారి లాంటి పాతవాళ్ళవి కొన్నే. ఇప్పుడు బతికి ఉన్న రచయితలవి, తమ సొంత డబ్బుతో అయిదు వందల కాపీలు అచ్చు వేయించుకుని మంచం కింద పెట్టుకున్నవాళ్ళవి ఎన్నో. ఆ అయిదు వందలు అమ్ముడుపోకముందే స్కాన్ వచ్చేస్తుంది. ఊళ్ళలో చిన్న స్టూడియో పెట్టుకుని అప్పు చేసి క్రైస్తవ గీతాల ఆల్బం తెచ్చిన కుర్రాడి పాటలదీ అదే కథ. ఆక్స్‌ఫర్డు ప్రెస్ మీద న్యాయం మాట్లాడినవాళ్ళం, వీళ్ళ విషయంలో 'దేవుని పనికే కదా' అని తప్పించుకుంటున్నాం. నేనూ పంపుకున్నాను, దాచను. ఒకరోజు ఆ రచయితే నాకు ఫోన్ చేసి, "అయ్యా, బాగుందని నలుగురికి పంపారట, సంతోషం, పుస్తకం వంద రూపాయలే" అన్నాడు. ఆ సంతోషం అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2012 సవరణలో రచయితలకు మేలు చేసిన ముక్కా ఉంది. అప్పటిదాకా సినిమా పాట రాసినవాడు, స్వరం కట్టినవాడు నిర్మాతకు ఒక్కసారి హక్కులన్నీ రాసిచ్చేస్తే ఆ తరవాత పాట లోకమంతా మోగినా వాళ్ళకు పైసా వచ్చేది కాదు. జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో దీని కోసం పట్టుబట్టారు. ఇప్పుడు సినిమా హాల్లో కాక బయట పాట వాడినప్పుడల్లా వచ్చే రాయల్టీలో వాటా వదులుకునేలా వాళ్ళ చేత రాయించుకోవడం చెల్లదు. ఇది న్యాయం. కాపీరైటు అంటే కంపెనీల సొత్తు అనుకోకండి, రాసినవాడి కూలి కూడా.

రాసినవాడి కూలి అన్నాను గానీ, ఆ కూలి ఎన్నాళ్ళు? 1991 దాకా చనిపోయాక 50 ఏళ్ళు ఉండేది. టాగూరు 1941లో పోయారు కాబట్టి ఆ గడువు ముగియబోతుంటే, విశ్వభారతి కోసం దాన్ని 60 చేశారు. ఒక్క కవి కోసం చేసిన మార్పు దేశంలో అందరికీ వర్తించింది. మన గుఱ్ఱం జాషువా గారు 1971లో పోయారు. పాత లెక్క ప్రకారం 2021 ఆఖరుతో ఆయన కవిత్వం అందరిదీ అయ్యేది. కొత్త లెక్క ప్రకారం 2031 డిసెంబరు దాకా ఆగాలి. గబ్బిలాన్ని ఊరూరికీ ఉచితంగా అచ్చు వేసి పంచాలని ఎవరికైనా ఉంటే ఇంకా కొన్నేళ్ళు అనుమతి అడగవలసిందే. విదేశాలతో వ్యాపార ఒప్పందాలు కుదుర్చుకునేటప్పుడు అమెరికా, యూరపుల్లో ఉన్నట్టు 70 ఏళ్ళు చేయండి అన్న ఒత్తిడి రావడం లోకంలో మామూలే. అలాంటి మాట వినిపిస్తే జాషువా గారిని తలుచుకోండి.

చివరగా ఏఐ. మీరు రోజూ వాడే ఆ చాట్ యంత్రాలు మనుషులు రాసిన కోట్ల పేజీలు మింగి మాట్లాడటం నేర్చుకున్నాయి. అడిగి మింగాయా? వార్తా సంస్థ ఏఎన్ఐ 2024 నవంబరులో ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో కేసు వేసింది. కేంద్రంలో పరిశ్రమల శాఖ కింద ఉన్న విభాగం, డీపీఐఐటీ, 2025 డిసెంబరులో ఒక పత్రం బయటపెట్టి ప్రజల అభిప్రాయం అడిగింది. న్యాయంగా అందుబాటులో ఉన్న రచనలన్నిటినీ ఏఐ కంపెనీలు శిక్షణకు వాడుకోవచ్చు, రచయిత వద్దనడానికి వీల్లేదు, దానికి బదులు కంపెనీలు రాబడిలో వాటా కట్టాలి, ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి పంచాలి. ఆ ప్రతిపాదన స్థూలంగా ఇది.

నాకు ఇందులో సగం నచ్చింది. ఊరికే మింగనివ్వకపోవడం మంచిదే. కానీ పంచేది ఎవరికి? ఏదో ఒక చోట పేరు నమోదైనవాళ్ళకే కదా. పెద్ద పత్రికలకు, పెద్ద సంగీత కంపెనీలకు సంఘాలు ఉన్నాయి. ఉత్కల సీమలో తెలుగు కవిత్వం రాసుకునే పెద్దాయనకు ఏ సంఘం ఉంది? ఆయన పుస్తకాన్ని ఎవరో స్కాన్ చేసి నెట్‌లో పెడితే యంత్రం చదివేస్తుంది, ఆయన వాటా మాత్రం ఢిల్లీలో ఎవరూ అడగని పద్దులో ఉండిపోతుంది. ఇంకో వైపు, తెలుగు లాంటి భాషలకు యంత్రాలు తయారుచేసే చిన్న సంస్థలు, కాలేజీ పిల్లలు ఉన్నారు. నా కళ్ళులేని విద్యార్థికి తెలుగు చదివి వినిపించే యంత్రం కూడా అలాంటి చోటే పుట్టాలి. వాళ్ళ మీదా అదే రుసుము వేస్తే ఖర్చు చివరికి వాడుకునేవాడి మీదే పడుతుంది. లాభాపేక్ష లేని పనికి, వికలాంగుల కోసం చేసే పనికి మినహాయింపు ఉండాలనీ, వసూలైన డబ్బులో చిన్న భాషల రచయితలకు విడిగా భాగం తీసిపెట్టాలనీ మన తరఫున అడగాలి. ఇలాంటి పత్రాలకు అభిప్రాయాలు పంపేవాళ్ళు ఎక్కువగా కంపెనీల వకీళ్ళు. ఒక తెలుగు సంఘం, ఒక చర్చి యువజన విభాగం ఉత్తరం రాసిందంటే ఆ కట్టలో అది వేరుగా కనపడుతుంది. తెలుగులోనే రాయండి, కింద ఇంగ్లీషు జతచేయండి.

ఇంకొకటి మరిచిపోయాను. 32వ సెక్షన్. ఏ పుస్తకమైనా అచ్చయి ఏడేళ్ళు గడిచాక, హక్కుదారు అనుమతి దొరకకపోతే, అనువాదానికి లైసెన్సు ఇవ్వమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. చదువుకు, పరిశోధనకు పనికొచ్చే విదేశీ పుస్తకాలైతే, అభివృద్ధి చెందిన దేశాల్లో సాధారణంగా వాడని భాషలోకి, అంటే మన తెలుగు లాంటి భాషలోకి, ఒక్క ఏడాది గడిస్తే చాలు. పేద దేశాల పిల్లల కోసం పెట్టిన ఏర్పాటు ఇది. ఎంతమంది వాడారు? మీలో అనువాదం చేయగలవాళ్ళు, లా చదువుతున్నవాళ్ళు ఇద్దరిద్దరుగా కూర్చుని ఈ సెక్షన్ చదవండి. నాకు వయసైపోయింది, లేకపోతే నేనే దరఖాస్తు పెట్టి చూసేవాణ్ణి.

మొన్న హోసూరు వెళ్ళినప్పుడు ఆ బస్టాండు జెరాక్స్ కొట్టుకు వెళ్ళాను. ఇప్పుడు అతని కొడుకు కూర్చుంటున్నాడు. ఢిల్లీ తీర్పు సంగతి, 52వ సెక్షన్ సంగతి చెప్పాను. అతను శ్రద్ధగా విని, "అది ఒక పేపర్లో రాసియ్యండి అయ్యోరూ, లామినేషన్ చేసి గోడకు తగిలిస్తాను" అన్నాడు. తెలుగులోనూ తమిళంలోనూ రాసిచ్చాను. లామినేషన్‌కు డబ్బు తీసుకోలేదు. మీ ఊళ్ళలో కొట్లకు కావాలంటే ఆ కాగితం నా సంచిలో ఉంది, భోజనాల దగ్గర అడిగి తీసుకోండి. దాని మీద కాపీరైటు ఏమీ లేదు.